కాంట్రాక్టరమ్మ

పప్పు రెండో పొంగుకి వచ్చేసరికి దిలీప్ ఊడిపడ్డాడు. చంకలో నీలం ఏప్రన్ల కట్ట, చేతిలో ఫైలు, మొహాన చెమట.

"పిన్నీ, పొయ్యి తగ్గించీసి ముందు ఇది ఏసీసుకో. లేబర్ ఆఫీసర్ మేడమ్ దార్లో ఉన్నాది. జల్దీ!"

బిలాస్‌పూర్ రన్నింగ్ రూములో, అంటే బండి దిగిన డ్రైవర్లూ గార్డులూ తిని నడుం వాల్చే చోట, వంటంతా సౌభాగ్యదే. తెల్లారకముందు నుంచీ ఆమె నిలబడే ఉంది. గరిటె ఎడమచేతిలో ఉంది. కుడిచేతి వేళ్ళు మూడు అరచేతిలోకి ముడుచుకుపోయి, ఎంత లాగినా రావు.

ఏప్రన్ గుండెల మీద, ఇక్కడి వంట టెండరు దక్కించుకున్న ఏజెన్సీ పేరు, దాని కింద 'స్టాఫ్' అని హిందీలో కుట్టి ఉంది. సౌభాగ్య దాన్ని కూడబలుక్కుని చదివింది.

"స్టాఫంటే ఏట్రా?"

"అంటే కంపెనీ మనిషివని."

"నానెప్పుడయ్యేను కంపెనీ మనిషిని?"

"ఈ పూటకి పిన్నీ. మేడమ్ ఎల్లిపోయినంతవరకూ. టెండర్లో ఇక్కడ పనిసేసేవోళ్ళంతా స్టాఫే అని రాసిచ్చీసినాం."

మూడేళ్ళ కిందట ఇదే దిలీప్ ఇదే గుమ్మంలో నిలబడి ఇంకో మాట చెప్పాడు. ఏజెన్సీకి సూపర్‌వైజరే గానీ పరాయివాడు కాదు. వాడి తల్లి అచ్చియమ్మా, సౌభాగ్యా ఒకే లైన్లో పక్కపక్క క్వార్టర్లలో పెరిగారు. ఆ చనువుతోనే ఇంగ్లిషు కాగితం ఒకటి తెచ్చి, "ఇకనించి నువ్వు నౌకరీ మనిషివి కావు పిన్నీ. కాంట్రాక్టరువి. నీకు నువ్వే మాలిక్!" అన్నాడు. సౌభాగ్య సంతకం పెట్టేసింది.

రైల్వే కాలనీలో కాంట్రాక్టరంటే మాటలా? జీపు దిగేవాడు, వేళ్ళనిండా ఉంగరాలవాడు, ఆఫీసుల్లో కుర్చీ వేయించుకునేవాడు. సౌభాగ్య తండ్రి పలాస దగ్గరి పల్లె నుంచి వచ్చి గ్యాంగ్‌మన్‌గా చేరి, బతికినన్నాళ్ళూ కాంట్రాక్టరు కనబడితే బీడీ పారేసి లేచి నిలబడ్డాడు. ఆయన కూతురు కాంట్రాక్టరయింది! కొబ్బరి లౌజు చేసి లైనంతా పంచింది. ఆ కాగితాన్ని సదర్ బజార్ తీసుకెళ్ళి, ఇరవై రూపాయలిచ్చి లామినేషన్ చేయించి, సింహాద్రి అప్పన్న పటం పక్కన తగిలించి కుంకుమ బొట్టు పెట్టింది. కాలనీవాళ్ళు నవ్వుతూ కాంట్రాక్టరమ్మా అని పిలిస్తే నవ్వుతూనే పలికింది.

ఆ వెంటే జీతం పోయి బిల్లు వచ్చింది. ప్లేటుకి పదకొండు రూపాయలు. వారం సెలవు పోయింది. గిన్నెలు పట్టే మసిగుడ్డ కూడా సొంతంగా కొనుక్కోవలసి వచ్చింది. మాలిక్ అన్నాక బరువులుండవా అని సరిపెట్టుకుంది, పిచ్చిది.

పోయిన వానాకాలం పకోడీల మూకుడు పిడి ఊడి, కాగే నూనె చేతి మీద పడింది. ఆ మూకుడు కొన్నది ఏజెన్సీయే. ఆపరేషన్ చేస్తే వేళ్ళు సాగుతాయన్నాడు డాక్టరు. ఇన్సూరెన్స్ కార్డుంటే పైసా అక్కర్లేదు, లేకపోతే తొంభై వేలు. కార్డు కోసం ఏజెన్సీ ఆఫీసుకి వెళ్తే, "కార్డు స్టాఫుకి. నువ్వు కాంట్రాక్టరువి" అన్నారు. వెళ్ళినప్పుడల్లా ఒక కొత్త కాగితం అడిగారు. పాన్ కార్డన్నారు, పాత బిల్లులన్నారు, నోటరీ అన్నారు. అన్నీ పట్టుకెళ్ళాక చివరికి దిలీప్ ఒకటి తెచ్చాడు, చెయ్యి ఇంట్లో కాలిందని. "ఇది ఇచ్చేస్తే దయతలచి ఐదువేలిస్తారంట పిన్నీ." పెన్ను పట్టే వేళ్ళు లేవు. ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి వేలిముద్ర వేసింది.

ఆ సాయంత్రం కూతురు ఉషారాణి గోడ మీది లామినేషన్ తీసి, మొదటిసారి మొత్తం చదివింది.

"అమ్మా, నీకు ఏటైనా వాళ్ళకి సంబంధం లేదని సాఫ్ రాసేరు. మూడేళ్ళూ దీనికా దండం పెట్టినావు?"

సౌభాగ్య ఏడవలేదు. ఆ రోజు నుంచి ఆమె కడుపులో ఒక్కటే కోరిక. దిలీప్ గిలగిలలాడాలి. ఆ ఏజెన్సీ వాళ్ళ మొహాలు మాడిపోవాలి. తన కళ్ళతో అది చూడాలి. ఆ లామినేషన్ అట్టను మళ్ళీ గోడకి తగిలించలేదు. చేతిసంచిలో పెట్టుకుని రోజూ పనికి తెచ్చుకుంటోంది.

ఇప్పుడు దిలీప్ హాజరు రిజిస్టరు తెరిచాడు. మూడేళ్ళ పేజీలూ ఖాళీగా ఉన్నాయి.

"నెలకొక ముద్దర ఏసీ పిన్నీ. గిన్నెలు కడిగే బంగార్రాజు మామ ఏసీసినాడు."

బంగార్రాజు అప్పటికే ఏప్రన్ తొడుక్కుని మూల నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు.

"మరి స్టాఫునైతే నా సేతికి కార్డిస్తారేటి?" అంది సౌభాగ్య.

"అది వేరే ఫైలు. టెండర్ రెన్యూ అవనీ, దేఖేంగే."

"ఇయ్యాలే రాసియ్యరా నాయనా. మూడేళ్ళకి కాదు, ముప్పయ్యేళ్ళకి ముద్దర్లేస్తాను."

"అరే యార్, సమ్‌ఝో నా పిన్నీ! టైమ్ లేదు."

తప్పించుకోవడానికి ఆమె వాడికిచ్చిన ఆఖరి సందు అదే. వాడికా సంగతి తెలియదు. బయట జీపు ఆగిన చప్పుడైంది. దిలీప్ రిజిస్టరు మూసేసి, ఏప్రన్ ఆమె తలమీదుగా తొడిగి, వెనక ముడి తానే వేశాడు. సౌభాగ్య చిన్న పిల్లలా నిలబడి వేయించుకుంది. రేపటి నుంచి ఈ పొయ్యి తనది కాకపోవచ్చు. ఉషారాణి నర్సింగ్ ఫీజు ఇంకా సగం కట్టాలి. అన్నీ తెలిసే నవ్వింది. ఆ నవ్వు చూసి దిలీప్ ఊపిరి పీల్చుకున్నాడు.

ఆఫీసరమ్మ నెరిసిన జుట్టు మనిషి. నింపాదిగా గది చూసింది, గ్యాసు చూసింది, చివరికి సౌభాగ్య చెయ్యి చూసి ఆగిపోయింది.

"ఆప్ కా మాలిక్ కౌన్ హై?" అని అడిగింది, నీ యజమాని ఎవరని.

దిలీప్ నోరు తెరవబోతే చేత్తో వారించింది. "ఆమెను చెప్పనీ" అంది హిందీలో.

సౌభాగ్య ఎడమచేత్తో ఏప్రన్‌ను తలమీదుగా లాగేసి, మడత పెట్టి, దిలీప్ ఫైలు మీద పెట్టింది.

"మై హీ మాలిక్ హూఁ, మేడమ్."

సంచిలోంచి అట్ట తీసి చాచింది. కుంకుమ మరక దాని మీద ఇంకా ఎర్రగానే ఉంది. ఆఫీసరమ్మ అందుకునేలోగా దిలీప్ దాన్ని లాక్కున్నాడు.

"పాత కాగితం మేడమ్, మజాక్ చేస్తోంది..." అంటూ చింపబోయాడు. చిరగలేదు. రెండు చేతులా మెలిపెట్టాడు. వంగి, మళ్ళీ సాపుగా లేచింది. పళ్ళు బిగించి అంచు కొరికినంత పని చేశాడు. మెడ మీద నరాలు పొంగాయి, మొహం మాడిపోయింది. సౌభాగ్య రెప్ప వేయకుండా చూసింది. ఇన్నాళ్ళూ ఆమె కోరుకున్నది ఇదే.

"కష్టపడకు నాయనా, అది సిరగదు. కాంట్రాక్టరు కాయితం గదా, ఇరవై రూపాయలెట్టి గట్టిగా సేయించినాను."

ఆఫీసరమ్మ చెయ్యి అట్ట కోసం ఇంకా చాచే ఉంది. దిలీప్ ఇవ్వడం లేదు. సౌభాగ్య వెనక్కి తిరిగి, భోజనానికి డ్రైవర్లు వచ్చే వేళకి, పొయ్యి కట్టేసింది.