తేలిక పని

తన మెడకు ఉచ్చు బిగించే సభకు కుర్చీలు వేయించింది కూడా పిన్నే.

పొద్దున్నే వచ్చి హాలు ఊడ్పించింది. ఫ్యాను తిరగకపోతే కరెంటు పనివాడికి ఫోను చేసింది. వాడు రానంటే బతిమాలింది, వచ్చాక నిచ్చెన పట్టుకుంది. మంచినీళ్లు పెట్టించింది. జీతాలు తేల్చడానికి వేరే ఊరి నుంచి వచ్చిన నిపుణుడికి బస, తిరుగు టిక్కెట్టు, ఆయన వచ్చే అద్దె కారుకు నీడలో చోటు, అన్నీ చూసింది. అన్నీ అయ్యాక వెనక గోడకు ఆనుకుని నిలబడింది. కుర్చీలు చాలలేదు మరి.

అదొక సరుకు రవాణా కంపెనీ. ముందు ఆఫీసు, వెనక గోడౌను, మధ్యలో లారీలు ఆగే ఖాళీ జాగా. ఆఫీసులో అందరికీ ఆమె పిన్నే. ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన మేనేజరు కూడా సిగ్గుపడకుండా పిన్నీ అనే పిలుస్తాడు. "మీరు మా ఆఫీసుకు తల్లిలాంటివారు" అని ఏడాదికోసారి పూలగుత్తి చేతికిచ్చి అందరిచేతా చప్పట్లు కొట్టిస్తాడు. ఎంత లాభసాటి వరసో చూడండి! తల్లికి జీతం ఎవడిస్తాడు?

నిపుణుడు లేచాడు. వారం రోజులుగా ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి "మీరేం పని చేస్తారు?" అని అడిగిన మనిషి ఈయనే. ఫోన్ల దగ్గర కూర్చునే పిల్ల ఆయనకు తక్కెడ అని పేరు పెట్టింది. నున్నటి బూట్లు, నున్నటి మాటలు. ఏ ఉద్యోగానికి ఎంత జీతం న్యాయమో శాస్త్రీయంగా తేల్చానని మొదలుపెట్టాడు.

"ఆఫీసు నిర్వహణ సిబ్బంది పని తేలిక తరగతిలోకి వస్తుంది. శ్రమ తక్కువ, బాధ్యత తక్కువ. ఎవరైనా చెయ్యగలరు. బయట ఇంతకంటే తక్కువకే మనుషులు దొరుకుతున్నారు. కాబట్టి ఇప్పుడు మీకిస్తున్నది న్యాయమైన జీతం కంటే ఎక్కువే."

మిగతాది మేనేజరు చెప్పాడు, మొహానికి కాస్త విచారం పులుముకుని. వచ్చే నెల నుంచి ఆఫీసు నిర్వహణ అంతా కాంట్రాక్టరు కిందికి పోతుంది. కాంట్రాక్టరు ఇచ్చినదానికి ఉంటామన్నవాళ్లు ఉండొచ్చు. కాదన్నవాళ్లకు దారి తెరిచే ఉంది. "ఏం చేసినా మనమంతా ఒక కుటుంబం" అని కూడా అన్నాడు. సిగ్గును అరువు తెచ్చి ఇచ్చినా ఎక్కడ తొడుక్కోవాలో తెలియని మనిషి.

ఫోన్ల పిల్ల లేచింది.

"ఆ తక్కువకి దొరికేవాళ్లు ఎందుకు దొరుకుతున్నారు సార్? ఇంట్లో పొయ్యి వెలగక. అంటే వాళ్ల ఆకలిని చూసి మా పనికి ధర కట్టారన్నమాట."

తక్కెడ నవ్వాడు. "మార్కెట్టును నేను పుట్టించలేదు తల్లీ."

"కూర్చో నువ్వు" అన్నాడు మేనేజరు.

పిన్నికి ఆ మాటలేవీ సరిగా వినిపించలేదు. ఆమె మొగుడు ఇదే కంపెనీ లారీ తోలుతూ నడుం విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. ఆమె పర్మినెంటు ఉద్యోగి గనక అతని వైద్యం ఖర్చు కంపెనీ మీద నడుస్తోంది. కాంట్రాక్టరు కిందికి పోయిన రోజున ఆ వైద్యం ఆగిపోతుంది. మందులు ఆగితే ఆ మనిషి కేక ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఒకసారి విన్నది.

మధ్యాహ్నం పాత కుర్చీలు పడేసే గదిలో ఆఫీసు వాళ్లంతా చేరారు. అకౌంట్లు చూసే లెక్కలాయన ఊగిపోతున్నాడు.

"చదువుకున్నవాళ్లమయ్యా మనం! కూలీల్ని పడేసినట్టు కాంట్రాక్టరు కింద పడేస్తారా?"

"అది సరే, తక్కెడకి మీరేం చెప్పారండీ?" అంది ఫోన్ల పిల్ల.

"ఉన్నదే చెప్పాను. ఆర్థిక వ్యవహారాల పర్యవేక్షణ."

"పర్యవేక్షణా! డబ్బు రాలేదని లారీ ఓనర్లు మీ కాలరు పట్టుకుంటారే. మేనేజరు వెనక గదిలో దాక్కుంటే ఆయనకు పడాల్సిన తిట్లన్నీ మీరు తింటారే. అది చెప్పారా?"

లెక్కలాయన నేల చూశాడు. "అవెలా చెబుతామమ్మా? పరువు తక్కువ."

"నేనూ చెప్పలేదులెండి. సమాచార విభాగం అన్నాను" అని ఆ పిల్ల ఒప్పుకుంది. "డ్రైవర్లు తాగి ఫోనులో వాగే బూతులు ఆయనకెందుకు చెప్పడం అనుకున్నా."

అందరూ పిన్ని వైపు తిరిగారు.

"సమన్వయం అన్నాను" అంది పిన్ని. "ఆ బూట్ల మనిషి ముందు ఇంకో మాట రాలేదు."

ఇదీ మన గుమస్తాల తీరు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె కావాలి. ఒంట్లో రక్తం పీల్చే పనంతా తామే మూటగట్టి దాచేసి, పై పైన మెరిసే నాలుగు మాటలు ఆయన చేతిలో పోశారు. ఆయన ఆ మాటల్నే తూచి, బరువు లేవన్నాడు. దొంగ చేతికి తాళం చెవి ఇచ్చి, ఇల్లు దోచాడని ఏడిస్తే ఎవరు వింటారు?

సాయంత్రం ఇంటికెళ్లి పిన్ని మొగుడికి సంగతంతా చెప్పింది. పక్క వాటాలో ఉండే మరిది కూడా విన్నాడు. అతను గోడౌనులో లోడింగు మేస్త్రీ. వానాకాలం నుంచి వదినతో మాట్లాడడం మానేశాడు. కారణం ఉంది. పెద్ద సరుకు మూట, బేలు, మీదపడి ఒక కూలీ కాలు నుజ్జయినప్పుడు గోడౌను మొత్తం పని ఆపేసింది. అప్పుడు మేనేజరు పిలిచాడని ఆఫీసు వాళ్లు చొక్కా చేతులు మడుచుకుని బేళ్లు మోసి లారీలకెక్కించారు. పైగా నవ్వుతూ. కూలీలు ఓడిపోయారు. ఆ కాలుకు దమ్మిడీ రాలేదు.

"ఆ రోజు బేళ్లు మోసినందుకు నీకేమిచ్చారు వదినా?" అన్నాడు మరిది. ఇన్నాళ్లకు అతను పలికిన మొదటి మాట అది.

"ఏమీ లేదు. మేనేజరు బాగా చేశారని భుజం తట్టాడు."

"అయితే ఆ భుజం తట్టుడు తీసుకెళ్లి మందుల షాపులో ఇయ్యి. మా అన్నకు మందులిస్తారేమో."

పిన్ని ఏడ్చింది. మంచం మీది మనిషి కళ్లు తెరిచి, "వాడన్నదాంట్లో తప్పేముందే? ఏడుపు ఆపి, వాళ్ల దగ్గరికెళ్లి మాట్లాడండి" అన్నాడు.

మర్నాడు పని మొదలవకముందే ఆఫీసు వాళ్లు గోడౌనులోకి వెళ్లారు. బేళ్ల మీద కూర్చున్న కూలీలు ఒక్కరూ జరగలేదు.

"దొరలొచ్చారు రా! దుప్పట్లు పరవండి!" అని ఎవడో అరిచాడు. గోడౌనంతా నవ్వు.

"మా నోటి దగ్గర కూడు లాక్కున్నప్పుడు మేం మనుషుల్లా కనపళ్లేదా?" అన్నాడో ముసలి కూలీ. "ఇప్పుడు మీ కంచంలో చెయ్యి పెట్టేసరికి చుట్టరికం గుర్తొచ్చిందా?"

ఎక్కువ మాట్లాడే లెక్కలాయన్నే అందరూ ముందుకు తోశారు. ఆయన రెండుసార్లు దగ్గాడు.

"తప్పే. మీకంటే ఒక మెట్టు పైనున్నామనుకున్నాం. ఆ మెట్టు అట్టతో చేసిందని నిన్న తెలిసింది. నేను ఆ రోజు బేలు మోశాను. మోయకూడదు. ఆ కాలు పోయినవాడి ఇంటికెళ్లి కూడా ఈ మాట చెబుతాను."

ముసలి కూలీ ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత కాస్త జరిగి బేలు మీద చోటిచ్చాడు.

అప్పుడు ఫోన్ల పిల్ల చెప్పింది. "మనం సమ్మె కూడా చెయ్యక్కర్లేదు. తక్కెడకి నోటితో ఏం చెప్పామో ఆ పనే చేద్దాం. అంతకుమించి గడ్డిపరక కదపొద్దు. మిగతా పని లేనే లేదని వాళ్లే తేల్చారుగా!"

"మీ బదులు ఆ పనులు చెయ్యమని మమ్మల్ని పిలుస్తారు" అన్నాడు మేస్త్రీ మరిది. అంటూ తన వాళ్ల వైపు తిరిగాడు. "పిలిస్తే వెళ్లేవాడుంటే ఇప్పుడే చెయ్యెత్తండి." ఒక్క చెయ్యీ లేవలేదు.

ఇక ఆ రోజు చూడాలి ఆ ఆఫీసు వైభవం! పొద్దున ఎవరూ పంపు మోటారు వెయ్యలేదు. మంచినీళ్లు లేవు, మొహం కడుక్కోడానికి నీళ్లు లేవు. మరుగుదొడ్డి పైపు పూడుకుపోయింది. ఏ లారీ ఏ వరసలో ఆగాలో చెప్పే దిక్కు లేక, ఒకదాని ముక్కు ఒకటి పొడుచుకుంటూ లారీలు వీధి మలుపు దాకా పేరుకున్నాయి. హారన్ల మోతకు చెవులు చిల్లులు పడ్డాయి.

"పిన్నీ!" అని అరిచాడు మేనేజరు. "బీరువా తాళాలేవి? లారీలెందుకు కదలడం లేదు?"

పిన్ని కుర్చీలోంచి లేవలేదు. "సమన్వయం చేస్తున్నాను సార్. మిగతావి నా పనిలో లేవట."

"లెక్కలాయనేడీ?"

"పర్యవేక్షిస్తున్నారు సార్."

మధ్యాహ్నానికి ఒక లారీ ఓనరు వెనక గదిలోకి పోయి మేనేజరు కాలరే పట్టుకున్నాడు. వెళ్లిపోవాల్సిన తక్కెడకు కారు పిలిచేవాడు లేడు, పిలిచినా వచ్చే దారి లేదు. నున్నటి బూట్లకు దుమ్ము కొట్టుకుని, పెట్టె పట్టుకుని గేటు దగ్గర ఎండలో నిలబడ్డాడు. నిర్ణయాలు తీసుకునే తెలివి తమకే ఉందనుకున్న మహానుభావులిద్దరూ కలిసి ఆ రోజంతా ఒక్క లారీని కూడా గేటు దాటించలేకపోయారు.

వచ్చే నెల దాకా ఆగలేక మేనేజరు కబురు పెడితే, మర్నాడే కాంట్రాక్టరు వ్యానులో మనుషుల్ని దింపాడు. పది మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు. నిన్న ఏం తిన్నారో ఏమో, మొహాలు పీక్కుపోయి ఉన్నాయి. మేనేజరు ప్రాణం లేచొచ్చింది. "చూశారా, ఎంతమంది దొరుకుతారో!" అని ఆఫీసు వాళ్లకు వినబడేలా అరిచాడు. ఫోన్ల పిల్ల పళ్లు కొరికింది. కూలీల్లో కొందరు లేచి వ్యాను వైపు కదలబోతే మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు.

వ్యాను దిగినవాళ్లలో నుదుటి మీద కాలిన మచ్చ ఉన్న ఒకావిడ ఆఫీసు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న పిన్ని దగ్గరికి వచ్చింది. చేతిలో గుడ్డసంచి ఉంది.

"అమ్మా, నువ్వు ఇక్కడి మనిషివేగా. ఇక్కడ చెయ్యాల్సిన పనేంటి? వీళ్లిచ్చే జీతం దానికి తగినదేనా? నిజం చెప్పు. నాకు ఇద్దరు పిల్లలు."

మేనేజరు "లోపలికి నడవండమ్మా" అని తొందరపెట్టాడు. ఆవిడ కదలలేదు. పిన్ని ఆవిడ కళ్లలోకి చూసింది. వారం కిందట ఇదే ప్రశ్నకు మూసుకున్న గొంతు ఇప్పుడు తెరుచుకుంది.

"పని అడుగుతున్నావు కదా, చెబుతా విను. పైపు పూడుకుపోతే కర్ర పెట్టి పొడిచేది నేను. పొడిచి, చేతులు కడుక్కుని, వచ్చినవాళ్లకు నవ్వు మొహంతో కుర్చీ చూపించేదీ నేనే. మేనేజరు కొడుకును బడిలో చేర్పించడానికి లైన్లో నిలబడింది నేను. ప్రమాదంలో డ్రైవరు చచ్చిపోతే కబురు చెప్పమని వాళ్లింటికి నన్నే పంపారు. అతని పెళ్లాం నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టింది. కొట్టనీ అని ఊరుకున్నా. తిరిగొచ్చి ఆ మధ్యాహ్నమే అదే లారీకి ఇంకో డ్రైవరును కుదిర్చా. నాకు జబ్బు చేస్తే ఫోనులో ఈ ఆఫీసు నడిపించా. ఇదంతా కలిపి తేలిక పని అని పేరు పెట్టారు. మాకిచ్చిందే చాలదు. నీకిచ్చేది అందులో సగం కూడా కాదు. ఇక నువ్వే తేల్చుకో తల్లీ. ఆకలితో వచ్చావు, వెళ్లి చేరినా నిన్ను తిట్టను."

ఆవిడ గుడ్డసంచి పిన్ని కుర్చీ పక్కన పెట్టి, నేల మీద కూర్చుంది. వ్యానులోంచి దిగినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

అప్పుడు మేనేజరు పోలీసుల్ని పిలిచాడు. ఫిర్యాదు రాసివ్వమన్నాడు ఇన్‌స్పెక్టరు. అలవాటు ప్రకారం మేనేజరు "ఎవరక్కడ, టైపు చెయ్యండి" అన్నాడు. ఎవరూ లేవలేదు. చివరికి ఆయనే చేత్తో గిలికాడు, కాగితాలు చించి మళ్లీ గిలికాడు. పనికి అడ్డం పడ్డారని, కొత్తవాళ్లను రెచ్చగొట్టారని పిన్నినీ ఫోన్ల పిల్లనీ జీపెక్కించారు.

"మా ఆయన్ను చూసుకోవయ్యా" అని మరిదితో అంది పిన్ని.

"అన్నను నేను చూసుకుంటా. గేటును వీళ్లందరం చూసుకుంటాం. నువ్వు ధైర్యంగా వెళ్లు వదినా."

జీపు కదలబోతుంటే కాలిన మచ్చావిడ లేచొచ్చి వెనక తలుపు పట్టుకుని ఎక్కబోయింది.

"నువ్వెక్కడికమ్మా?" అని కసిరాడు ఇన్‌స్పెక్టరు. "నువ్వు ఈ కంపెనీ మనిషివి కాదుగా!"

"కాను. తక్కువకి దొరికే మనిషిని చూపించే గదా వీళ్ల జీతం కోశారు? ఆ మనిషిని నేనే. ఇక దొరకను."

ఎక్కి పిన్ని పక్కన కూర్చుంది. వ్యానులో వచ్చిన మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే జీపు వైపు నడిచారు. చోటు లేదని, ఇంకో బండి పంపమని ఇన్‌స్పెక్టరు ఫోనులో అరుస్తున్నాడు. ఆ బండి వచ్చేలోపు కూలీలు, లెక్కలాయన గేటుకు అడ్డంగా బైఠాయించారు. ఎదుటి కంపెనీ ఆఫీసులోంచి గుమస్తాలు మెట్లు దిగి వచ్చి వాళ్ల మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టారు.