నా కడుపులో గులకరాళ్లు

నేను ఒక రాగి బాయిలర్‌ని. కదిరి దగ్గరి ఒక ఊళ్లో, స్నానాల గది పక్కన, రేకుల చూరు కింద మూడు కాళ్ల మీద నిలబడి ఉంటాను. నా నడుమ గుండా నిలువునా ఒక గొట్టం ఉంది. అందులో కట్టెలో, టెంకాయ చిప్పలో వేసి నిప్పు పెడతారు. గొట్టం చుట్టూ నా కడుపు నిండా నీళ్లు. పక్కనున్న గరాటులో చన్నీళ్లు పోసి కాచుకుంటే కింద కొళాయిలో వేణ్ణీళ్లు వస్తాయి. ఈ కాస్త పనికి నన్ను తయారుచేసిన కంచరి పన్నెండు రోజులు సుత్తితో బాదాడు.

మొదట ఒక తాసిల్దారు గారింట్లో ఉన్నాను. ఆయనకు బదిలీ అయినప్పుడు బస్సు డ్రైవర్ గురప్ప నన్ను కొని, తన బస్సు టాపు మీద కట్టుకుని తెచ్చాడు. దారిలో ఇద్దరు ముసలమ్మలు నన్ను గుడి శిఖరానికి పోయే కలశం అనుకొని దండం పెట్టారు. నేనేమీ కాదనలేదు.

గురప్ప భార్య తిప్పమ్మ ప్రతి శుక్రవారం చింతపండుతో నన్ను తోమి, పసుపు కుంకుమ పెట్టేది. ఇంటికొచ్చిన వాళ్లు నా ఒంట్లో ముఖం చూసుకుని జుట్టు సర్దుకునేవారు. అంత మెరుపు నాది. అయితే మనుషులు కంటికి కనిపించేదే తోముతారు.

రెండేళ్ల కిందట ఇంటికి బోరు వేశారు. ఆ నీళ్లు పట్టాక నా కడుపులో ఏదో పేరుకుంటూ వచ్చింది. ఈ చలికాలానికి, నిప్పు రాజుకుంటే చాలు, లోపల గులకరాళ్లు వేయిస్తున్నట్టు గరగర, మధ్యలో ధభీమని ఒక దెబ్బ. సరిగ్గా అప్పుడే కూతురు సుకన్య కాన్పుకు పుట్టింట్లో ఉంది. నా పక్క గదే బాలింత గది. పొద్దున నేను మొదలుపెట్టగానే పసిపాప ఉలిక్కిపడి ఏడుపందుకునేది.

"ముప్పై ఏండ్లు ఇంజిన్లు తోలినోణ్ణి. సప్పుడు ఇంటే రోగం చెప్తా," అన్నాడు గురప్ప.

"నీ బస్సు దావలో నిలబడిపోయిన దినాలు నాకు తెల్దా?" అంది తిప్పమ్మ.

ఆయన పట్టించుకోలేదు. స్క్రూడ్రైవర్ మొన నా పొట్టకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. ఇంజిన్లకు అట్లా చేస్తారట. నడి గొట్టం వదులైందని తేల్చి బిగువు చూశాడు. గొట్టం గట్టిగానే ఉంది. ఆవిరి వల్లే గోల అనుకొని గరాటు మూతికి తడి గోనెపట్ట కుక్కాడు. నాకు ఊపిరాడలేదు. కాసేపటికి ఆ గోనె 'టప్'మని ఎగిరి, దండెం మీద ఆరేసిన ఆయన పంచెకే పోయి తగులుకుంది.

ఇక ఆయనకు కోపం వచ్చింది. "దీనికి వయసైపోయింది. పేలితే బిడ్డకు ప్రమాదం. పురుడు దినం బాబ్జాన్‌ను రమ్మంటా. పాత సామాన్లలో ఏసుకొని పోతాడు," అన్నాడు. ఆ రోజుకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. పాత సామానంటే కొలిమి. నేను పుట్టిన చోటే కానీ, తిరిగి పోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

సుకన్య ఇదంతా గదిలోంచే వింది. పురుడు వెళ్లేదాకా ఆమె గది దాటకూడదు, దేన్నీ ముట్టకూడదు. వారం రోజులుగా ఆమెకు పాపను చూసుకోవడం, నన్ను వినడం, ఇవే పనులు. ఆమె గడప దగ్గర కూర్చుని తల్లిని పిలిచింది.

"అమ్మా, నిప్పు లేనప్పుడు గరిటెతో దాని పైభాగం కొట్టు."

తిప్పమ్మ కొట్టింది. ఖంగుమన్నాను.

"ఇప్పుడు అడుగున."

బరువుగా దబ్బుమన్నాను, మట్టికుండలాగా.

"సూస్తివా? నీళ్లు మరిగేటప్పటి కంటే, అడుగు కాగేటప్పుడే గరగరలాడుతుంది. నా స్నానం చెంబులో తెల్ల ఇసుక మిగులుతాంది. మన టీ గిన్నె అడుగు చూడు. బోరు నీళ్ల సున్నం దీంట్లోనూ పేరుకుందమ్మా. చింతపండు బయట కాదు, లోపల పోయల్ల."

"చింతపండు పులుసు బాయిలర్‌కు తాపిస్తారా యాడన్నా?" అని తిప్పమ్మ బుగ్గలు నొక్కుకుంది. అయినా రెండు బానల చిక్కటి పులుసు తీసి గరాటులో పోసింది. సన్నటి సెగ పెట్టి, చల్లారాక మళ్లీ పోసి, రెండు రోజులు అట్లాగే ఉంచింది. జన్మలో మొదటిసారి నాకు నోరూరింది. మూడోనాడు తిప్పమ్మ మాట మీద గురప్ప కొయ్యతో నా అడుగు తట్టి, నన్ను తలకిందులు చేశాడు. గోడ సున్నం పెచ్చుల్లాంటివి బుట్టెడు రాలాయి.

పురుడు దినం, అంటే పాప పుట్టిన పదకొండో నాడు, తెల్లవారాక నిప్పు పెట్టారు. అందరూ చెవులు రిక్కించారు. నేను నిద్రపోయే పిల్లిలా సన్నగా 'సుయ్'మన్నాను, అంతే. తల్లీబిడ్డల పురుటి స్నానం అయింది. పాప ఏడవలేదు.

బాబ్జాన్ తోపుడు బండితో వచ్చాడు. "ఏదప్పా నీ పాత బాయిలర్?" అన్నాడు, చలికి చేతులు రుద్దుకుంటూ.

తిప్పమ్మ కొళాయి విప్పి ఒక బకెట్ పట్టి ఇచ్చింది. అతను ముఖం, చేతులు కడుక్కుని, పొగలు పోయే బకెట్‌లోకే చూస్తూ నిలబడ్డాడు. "దీన్నా అమ్మేది?" అన్నాడు.

"ఎవుడు సెప్పినాడు అమ్ముతామని?" అన్నాడు గురప్ప. సుకన్య గది కిటికీలోంచి తండ్రినే చూస్తోంది. ఆయన ఒకసారి అటు చూసి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ గొంతు సవరించుకున్నాడు.

"మా సుకన్య కనిపెట్టింది. మీ ఇంట్లో ఏమన్నా సప్పుడు చేస్తే సెప్పు బాబ్జానూ. నేను పోయి ఇని వచ్చి, ఆయమ్మను అడిగి సెప్తా."