శాంతమ్మ ఏరిన పుస్తకం

శాంతమ్మకు కంటిచూపు మందగించింది గానీ కథల మీద ఆశ మందగించలేదు. మొయినాబాద్ కాలేజీలో చదివే మనవరాలు ప్రియ స్నేహితుల దగ్గర్నుంచి ఇంగ్లీషు నవలలు తెచ్చి, ఆలూరులో తమ ఇంటి అరుగు మీద కూర్చుని, వాటిని ఇంటి మాటల్లోకి మార్చి వినిపిస్తుంది. గ్రహాల మధ్య యుద్ధాలైనా, ఎగిరే గుర్రాలైనా ముసలామెకు ఇబ్బంది లేదు. తిండి సంగతి దాటేస్తే మాత్రం ఊరుకోదు. అంత యుద్ధం చేసినవాళ్లు ఏం తిన్నారో చెప్పాల్సిందే.

చిక్కంతా చంద్రుడి నవలతో వచ్చింది. అక్కడి గనిలో పనికి పోయిన పిల్ల ఒకతి లోపల ఇరుక్కుని, గాలి అయిపోవస్తున్న చోట శనివారం ప్రియ పుస్తకం మూసింది. మర్నాడు చర్చిలో పాస్టరు ప్రార్థన మనవులు అడగ్గానే శాంతమ్మ లేచి నిలబడింది.

"ఒక పిల్ల, అయ్యగారూ. ఇంటికి దూరంగ చిక్కువడ్డది. ఊపిరాడ్తలేదు. జర అందరు ప్రార్థన చెయ్యుండ్రి."

సంఘమంతా కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థించింది. పక్కన కూర్చున్న నీలవేణి, ఆ పిల్ల ఏ దవాఖానలో ఉందని అడిగేదాకా బాగానే ఉంది.

"చంద్రుని మీద" అంది శాంతమ్మ.

ఆమె పెద్దకొడుకు ఎలీషా ఆ సంఘానికి పెద్ద; ఆరాధనలో రొట్టె పంచేది అతనే. పరువు పోయిందని సాయంత్రానికల్లా మండిపడుతూ వచ్చాడు.

"అది కథనే అమ్మా! ఆ పిల్ల లేనే లేదు!"

"లేకుంటేంది? నాకు దుఃఖమొచ్చింది. దుఃఖమొస్తే ప్రార్థన చెయ్యొద్దా?"

తల్లిని ఏమనలేక ఎలీషా ప్రియ మీద పడ్డాడు. దయ్యాలను, మంత్రాలను ఇంట్లోకి తెచ్చిందన్నాడు. "ఇగ ఈ పుస్తకాలు చదివితే వచ్చే ఆదివారం అమ్మకు బల్ల రొట్టె అందది" అని తేల్చి చెప్పి పోయాడు.

ప్రియ భయపడింది. చర్చిలో ప్రభువు పేరిట రొట్టె పంచే ఆ బల్ల అంటే అవ్వకు ప్రాణం. జ్వరంలో కూడా మానలేదు. అయినా గాలి లేనిచోట పిల్లను ఎట్ల వదిలేస్తవని అవ్వ పట్టుబట్టడంతో, ఆ నవల పూర్తిచేసి పిల్లను ఇల్లు చేర్చక తప్పలేదు. తర్వాత ఏది చదవాలి? చేతిలో రెండున్నాయి.

"మరమనుషులది చదువుదామవ్వా. మంచిగుంటది."

"ఇంకోటి ఏంది?"

"అది వద్దుతీ."

"ఏందని అడుగుతున్న."

"ఒక మంత్రగత్తె కథ. రాజు నదికి కట్ట కట్టి నీళ్లు ఆపుకుంటే కొట్లాడుతది."

"నీకేది చదవబుద్ధైతున్నది?"

ప్రియ మంత్రగత్తె పుస్తకం అట్ట నిమిరింది.

"నా రొట్టె సంగతి నేను జూసుకుంట" అంది శాంతమ్మ. "వానికి భయపడి పుస్తకం ఏరకు. మంత్రగత్తెదే దియ్యి. లోపలికి పోయేది లేదు, ఈడనే గట్టిగ చదువు."

ప్రియ గొంతెత్తి చదివింది. చంద్రుడి మీది పిల్ల ఏమైందో కనుక్కుందామని వచ్చిన నీలవేణి అక్కడే కూలబడింది. మర్నాడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. వారం తిరిగేసరికి అరుగు చాలలేదు.

ఆదివారం ఎలీషా రొట్టె పళ్లెంతో ఆడవాళ్ల వరుసకు వచ్చాడు. శాంతమ్మ దోసిలి పట్టింది. కొడుకు ఆ దోసిలిని దాటి నీలవేణి ముందు పళ్లెం పెట్టాడు.

నీలవేణి చేతులు కొంగులో దాచుకుంది. "ముందుగాల అవ్వకియ్యన్నా."

ఆమె పక్కనున్నామె కూడా తీసుకోలేదు. ఆ పక్కామె కూడా తీసుకోలేదు. పాడేవాళ్లు పాట ఆపేశారు. తన వంతు వచ్చినప్పుడు ప్రియ చేతులు కట్టుకుని పెదనాన్న కళ్లలోకి సూటిగా చూసింది. భయం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

ఎలీషా నిండు పళ్లెంతో వెనక్కి వచ్చి తల్లి ముందు వంగాడు. శాంతమ్మ కళ్లు మూసుకుని రొట్టె తిన్నది. తర్వాత కొడుకు చెవిలో గుసగుసలాడాననుకుని చర్చి అంతటికీ వినిపించేలా అంది:

"సాయంత్రం నువ్వు సుత రా బిడ్డా. మంత్రగత్తె కట్ట తెగ్గొట్టనీకె బయలెల్లింది."