నడి ఏట్లో వదిలిన కాగితం

హంద్రి నది పొంగి రేవు గుడిసెలన్నిటినీ ఊడ్చుకుపోయిన ఏడాది దాటి రెండో ఏడు, మాఘమాసం. కర్నూలు రాజధాని అయి, గుడారాల్లో ఆఫీసులు నడుస్తున్న రోజులు. ఇమాం వలి అప్పటికి కాలేజీ హాస్టల్లో నౌకరు. నీళ్లు తోడడం, గదులు ఊడ్వడం, గంట కొట్టడం అతని పని. మాట తక్కువ మనిషి. చదువు లేదు. ఉర్దూ అక్షరాలను చూస్తే ఉర్దూ అని గుర్తుపడతాడు, అంతే.

మొన్నమొన్నటి దాకా హాస్టలు చెత్తంతా హంద్రి ఇసుకలోనే పారబోసేవాళ్లు. కాగితాలు, విస్తళ్లు, బూడిద అన్నీ అక్కడికే. ఆ ఇసుకలోనే చెలమలు తీసి ఊరి ఆడవాళ్లు తాగే నీళ్లు తోడుకునేవారు. ఈరక్క అనే ముసలామె చెలమలో తేలుతున్న కాగితాలను చేత్తో పక్కకు నెట్టి కడవ ముంచుకుంటుంటే ఒకరోజు దావీదురాజు చూశాడు. అతనిది బద్వేలు. బి.ఎ. రెండో ఏడు. ఫ్రీ సీటు మీద హాస్టల్లో తింటున్నాడు. ఆ పూట అన్నాల దగ్గర లేచి నిలబడి, మనం పారేసిన దాన్ని తోసుకుని ఆ యమ్మ నీళ్లు తాగుతుంటే మనకు ముద్ద ఎట్లా దిగుతుందని అడిగాడు. నవ్వినవాళ్లు నవ్వారు. చెత్త దొర అని పేరు పెట్టారు. కానీ వారం తిరిగేసరికి సగం గదుల ముందు గోనెసంచులు వేలాడాయి.

విస్తళ్లు, బూడిద పెరట్లో గుంత తీసి ఎరువుకు వేశారు. కాగితాలకు దారి చూపింది ఇమాం వలి భార్య చాంద్ బేగం. కాగితాలను కుండల్లో మూడు రోజులు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, చిల్లులు పడిన గంపలకూ చాటలకూ మెత్తేది. ఎండితే గింజ జారదు. హాస్టలు వంటింట్లో పాత గంపలన్నీ మళ్లీ పనిలోకి వచ్చాయి. పిల్లలు ఆమె రోటి దగ్గర చేరి, పోయినేడు పరీక్షలో రాసిన తప్పులన్నీ బాగా రుబ్బు అవ్వా అని వేళాకోళాలు ఆడేవాళ్లు.

కాగితాలు ఏరేది ఇమాం వలి. తెలుగూ ఇంగ్లీషూ అయితే కుండలోకి. ఉర్దూ అక్షరాలు కనబడితే మాత్రం కళ్లకద్దుకుని వేరే పెట్టేవాడు. ఖురాను అక్షరాలూ అట్లాగే ఉంటాయి. దేవుని మాట ఉంటే రోటిలో వేయకూడదు, కాళ్ల కింద పడకూడదు. వాటిని గుడ్డలో మూటగట్టి, రాయి కట్టి, శుక్రవారం తుంగభద్ర నడిమికి పుట్టి పడవలో పోయి వదిలి వచ్చేవాడు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన సంగతి అని అతనికి తోచలేదు.

ఆ మాఘంలోనే హాస్టలు పిల్లవాడు నరసింహ బడి సర్టిఫికెట్టు పోయింది. నరసింహది తుంగభద్ర అవతల అలంపురం. ట్రంకుపెట్టె కింద పాత పేపర్ల మడతలో దాచుకున్నాడు. గది ఊడుస్తూ తోటివాడు ఆ పేపర్లన్నీ సంచిలో వేసేశాడు. అది లేకపోతే పరీక్షకు ఫీజు కట్టనివ్వరు. పిల్లలందరూ కుండల్లో చేతులు పెట్టి పిండి పిండిగా పిసికి చూశారు. ఏమీ దొరకలేదు.

వార్డెను పుల్లయ్య కోపం దావీదురాజు మీద పడింది. ఈ చెత్త సంబరం మొదలుపెట్టింది నువ్వు, రేపు సాయంత్రానికి కాగితం దొరక్కపోతే పెట్టె సర్దుకో అన్నాడు. హాస్టలు తప్పితే దావీదురాజుకు తిండి లేదు, తిండి లేకపోతే చదువు లేదు. అతను మళ్లీ కుండల దగ్గరికి పోయాడు.

మరునాడు మధ్యాహ్నం నీళ్లు తోడుతున్న ఇమాం వలి చెవిన నరసింహ మాట పడింది. సర్టిఫికెట్టు ఎట్లుంటుందని ఎవరో అడిగితే, మాది నైజాం బడి కదప్పా, అంతా ఉర్దూ అచ్చు అని చెప్తున్నాడు.

ఇమాం వలి చేతిలో చేంతాడు జారింది. బొక్కెన బావిలోకి దడాలున పోయింది.

గుర్తొచ్చింది. దళసరి కాగితం. గుండ్రటి ముద్ర. కళ్లకద్దుకున్నాడు కూడా.

ఇంటికి పోయి కూర్చున్నాడు. చాంద్ బేగం అన్నం పెడితే ముట్టలేదు. అతని పని ఇంకా ఖాయం కాలేదు. చెప్తే రేపటి నుంచి గంట కొట్టేది ఇంకొకడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, కాగితం రుబ్బుడులో పోయిందనే అనుకుంటారు. చాంద్ బేగం అడిగి అడిగి సంగతి రాబట్టింది.

"ఆ పిల్లోడు మన కుండల కాడ నిన్నట్నుంచి కూడు దినలేదు. నీ నోట్లో మాట ఎవరికి దాస్తాండావు?" అంది.

పొద్దు వాలుతోంది. దావీదురాజు రేకుపెట్టె వరండాలో ఉంది. వార్డెను కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చుట్టూ పిల్లలు. ఇమాం వలి పోయి నిలబడ్డాడు. ఏమప్పా నీళ్లయిపోయినాయా అని ఎవరో ఎగతాళి చేశారు.

"ఆ పిల్లోన్ని పంపొద్దు సార్. కాగితం పోగొట్టింది నేను."

"రుబ్బేసినారా?"

"లేదు సార్. ఉర్దూ అచ్చు ఉండాది. దేవుని మాటేమోనని ఏట్లో వదిల్నా."

నరసింహ ముందుకొచ్చాడు. "యాడ తాతా?"

"నడి ఏట్లో నాయనా. రాయి కట్టి."

నరసింహ మెట్టు మీద కూలబడి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

"సదివొచ్చినోళ్లు ఇంతమంది ఉండారే, ఒక్కర్నన్నా అడగకూడదా?" అన్నాడు పుల్లయ్య.

"అడగాలని తెలీలే సార్."

పుల్లయ్య కాగితం తెప్పించుకుని అలంపురం హెడ్మాస్టరుకు నకలు ఇమ్మని ఉత్తరం రాశాడు. ఆదివారం నరసింహతో ఏరు దాటి పోయి రమ్మని ఇమాం వలికి చెప్పాడు. అక్కడి పాత రిజిస్టర్లు ఉన్నాయో లేవో, ఇస్తారో ఇవ్వరో తెలియదు. నీ పని సంగతి ఆ తర్వాత అన్నాడు. దావీదురాజును మాత్రం పెట్టె లోపల పెట్టుకోమన్నాడు. సంచులు ఉంచాలా తీసేయాలా అనేది ఏమీ చెప్పలేదు.

మరునాడు తెల్లవారి గంట కొట్టాక, ఇమాం వలి మొదటి గది ముందు సంచి దించి, గడప దగ్గర చతికిలబడ్డాడు. నిద్రకళ్లతో బయటికొచ్చిన పిల్లవాడి చేతికి ఒక కాగితం తీసి ఇచ్చాడు.

"ఇది ఏందో సదివి చెప్పు నాయనా," అన్నాడు.