అందరమూ క్షేమము

చిట్టెమ్మకు పది రోజులుగా కుదురు లేదు. అన్నం ముందు కూర్చుంటే లేచిపోవాలనిపిస్తుంది, పుస్తకం తెరిస్తే మూసేయాలనిపిస్తుంది. సోమవారం బడిలో బ్యాడ్జి పెడతారు. అరవై నాలుగో సంవత్సరం బ్యాచిలో ముగ్గురికే ఆ గౌరవం. ఎగిరి గంతులేయాల్సిన పిల్ల ఇలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోందేమిటని తల్లికి విసుగు.

ఆ బ్యాడ్జి ఆలిస్ టీచరు పెట్టిన విద్యార్థుల సంఘానిది. మార్కులొక్కటే చాలవు, నలుగురికీ పనికిరావాలి, నలుగురినీ నడిపించాలి, నడత బాగుండాలి అంటారావిడ. చిట్టెమ్మకు మార్కులకేం కొదవ లేదు. సేవ కింద, తెలుగు ఊళ్ల నుంచి వచ్చిన రైల్వేవాళ్లు ఉండే న్యూ సెటిల్‌మెంటులో చదువురాని ఆడవాళ్లకు ఊరి ఉత్తరాలు చదివి పెడతానని రాసిచ్చింది. చదివించుకున్నవాళ్లు సాక్ష్యంగా ఒక కాగితం మీద వేలిముద్ర వేయాలి.

వచ్చిన చిక్కల్లా, ఆమెకు తెలుగు చదవడం రాదు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది గానీ ఈ పరాయి రాష్ట్రపు బడిలో నేర్చింది ఇంగ్లీషూ హిందీనే. అయితే ఊరి నుంచి ఎవరికొచ్చిన ఉత్తరమైనా ఒక్కలాగే మొదలవుతుంది, అది మాత్రం కంఠతా వచ్చు. పది రోజుల కిందట పక్క క్వార్టరు జోగమ్మ ఉత్తరం తెచ్చినప్పుడు "ఇచ్చట అందరమూ క్షేమము" అని మొదలెట్టి, వానలు పడ్డాయనీ ఆవు ఈనిందనీ సొంతంగా అల్లి ముగించింది. రాదని చెప్పడానికి సిగ్గేసింది, అంతే. జోగమ్మ మురిసిపోయింది.

శనివారం ఇక ఉండబట్టలేక, మళ్లీ ఒకసారి చూస్తానని ఆ ఉత్తరం అడిగి పుచ్చుకుని, మలంచా పేటలో కొట్టు నడిపే, తెలుగు చదవడం వచ్చిన బాలసుబ్రహ్మణ్యం దగ్గరికి సైకిలు తొక్కింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు. జోగమ్మ అక్కకు జబ్బు ముదిరింది. చెల్లెల్ని చూడాలని కలవరిస్తోంది. వెంటనే బయల్దేరి రమ్మన్నారు.

తిరిగొచ్చేసరికి జోగమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. చూడగానే నవ్వుతూ బొటనవేలు చాపింది.

"కాగితం తెచ్చినావేటే? సోమారం నీకు బిళ్ల పెడతారంట గదా!"

ఇంకో ఉత్తరం వచ్చిందని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. దారంతా ఆ మాటే నోట్లో నానింది. బ్యాడ్జీ దక్కేది, ఆవిడా రైలెక్కేది. కానీ ఆ వేలు చూసేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

"నాకు తెలుగు సదవడం రాదత్తా. ఆ దినం అన్నీ నానే కల్పించి సెప్పినాను. మీ అక్కకి బాగోలేదంట. నిన్ను సూడాలంటందంట. బేగి రమ్మని రాసినారు."

జోగమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"రాదని ఆ దినమే సెప్పుంటే ఇంకోరి సేత సదివించుకుందును గదే," అని లేచి, లోపలికెళ్లి గుడ్డలు మూటగట్టింది.

చిట్టెమ్మ ఆ మూట స్టేషను దాకా మోసింది. సోమవారం ఆలిస్ టీచరుకు అంతా చెప్పేసి బ్యాడ్జి వద్దనాలని అప్పటికే తేల్చుకుంది. రైలొచ్చి ఆగింది. మెట్టు మీద కాలుపెట్టిన జోగమ్మ వెనక్కి తిరిగింది.

"ఒట్టేసి సెప్పు. మా అక్క బతికే ఉందని రాసినారా, ఇది గూడా నువ్వే సెప్తన్నావా?"

"నిజమే అత్తా. కొట్టు బాలసుబ్రహ్మణ్యంగారు సదివినారు. నాను కాదు."

"ఆయన సదివినాడా," అని జోగమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "అలగయితే సరే."