ఇద్దరల్లుళ్ళకు ఒకటే న్యూట్రల్

ఆ ఇంటి పై వాటాలో చిన్నల్లుడు, కింది వాటాలో పెద్దల్లుడు. ఇద్దరికీ కలిపి అత్తగారు ఒక్కరే, న్యూట్రల్ తీగా ఒక్కటే.

పెద్దల్లుడు ఎలక్ట్రీషియన్. ఇంటి వైరింగంతా ఆయన చేతి చలవే. పైకో ఫేజు, కిందికో ఫేజు విడివిడిగా లాగి, కరెంటు తిరిగెళ్ళే నల్ల తీగ, అదే న్యూట్రల్, మాత్రం ఇద్దరికీ ఉమ్మడిగా వేశాడు. "మనలో మనకి తిరుగుదారికి కూడా వాటాలెందుకు తమ్ముడూ!" అన్నాడు మురిసిపోతూ.

ఆ తర్వాతో ఆదివారం క్యారమ్స్ బోర్డు మీంచి రాణి మాయమైంది. తోడల్లుళ్ళు ఒకరి జేబులు ఒకరు తడిమారు. అంతే, మాటలు బంద్. మెట్లకింద పక్కపక్కనే ఉన్న రెండు మెయిన్ స్విచ్చులకీ సరిహద్దు గీసుకున్నారు. ఎవడిది వాడే ముట్టుకోవాలి. ఫేజులు పక్కపక్కనే, ఫేసులు మాత్రం చెరో పక్క! పైవాడి రుసరుసలు కిందికి, కిందివాడి బుసబుసలు పైకి మోయలేక అత్తగారి మోకాళ్ళు అరిగాయి.

ఒక పొద్దున కింద వంటింట్లో, ఉమ్మడి తీగ ముడి ఉండే గోడపెట్టెలోంచి కాలిన వాసనొచ్చింది.

"పై స్విచ్చు కూడా ఆపాలి. కాస్త చెప్పి రండి అత్తయ్యా," అన్నాడు పెద్దల్లుడు.

"నా వల్ల కాదు. నోరుందిగా, మీరే అడగండి!"

అడగడమా? వాణ్ణా? తన స్విచ్చొక్కటే ఆపి స్టూలెక్కాడు. టెస్టర్ పెడితే వెలగలేదు. ఇంకేం భయమని నల్ల తీగ ముడి విప్పాడు.

ముడి ఉన్నంతసేపూ బుద్ధిగా ఉన్న తీగ, తెగ్గానే తెగబడింది. పై వాటా కరెంటు తిరుగుదారి దొరక్క ఆయన వేళ్ళు పట్టుకుంది. తనకి తానే సాకులు చెప్పుకున్న మనిషికి షాకు! స్టూలు ఒకవైపు, ఆయనొకవైపు, నీళ్ళ బకెట్ ఇంకోవైపు. నేలంతా నీళ్ళు. మడమ మెలిపడి లేవలేకపోయాడు. తీగ కొన తలుపు దగ్గర వేలాడుతోంది. సింకు మూలన, తడిలో, అత్తగారు.

"కదలకండి అత్తయ్యా! ఆ తీగలో కరెంటుంది!"

"స్విచ్చు ఆపారుగా?"

"నాది ఆపాను."

పైనుంచి కేక: "అత్తయ్యా! నా ఇస్త్రీపెట్టె ఎందుకు చచ్చిందో ఆయన్నడగండి!"

అత్తగారు పెద్దల్లుడి వైపు చూసింది. మీరే అడగండన్నట్టు కళ్ళు పైకి తిప్పింది. తీగ ఊగుతోంది.

"తమ్ముడూ!" అని అరిచాడాయన, గొంతు పగిలేలా. "మెట్లకింద నీ స్విచ్చు ఆపరా! అత్తయ్య తడిలో ఇరుక్కుంది!"

దబదబా అడుగులు. టక్. ఆ తర్వాతే చిన్నల్లుడు గుమ్మంలోకొచ్చాడు. అత్తగార్ని చెయ్యిపట్టి బయటికి తెచ్చి, వెనక్కెళ్ళి పెద్దల్లుణ్ణి లేవదీశాడు.

"విడిగా ఆపకూడదని తెలీదా అన్నయ్యా? నువ్వేగా వేసింది!"

"తెలుసురా. నిన్నడగాల్సొస్తుందని..."

సాయంత్రం పెద్దల్లుడు కుంటుకుంటూనే ముడి గట్టిగా బిగించి, రెండు స్విచ్చుల పిడులనీ ఒకే కమ్మీతో జతచేశాడు. ఒకటి దించితే రెండోదీ దిగాల్సిందే.

"అంటే నువ్వాపితే నాదీ పోతుందా?"

"పోతుంది. ఒకసారి ఆపి చూడనా?"

"ఆగాగు, గీజర్లో నీళ్ళు కాగుతున్నాయి. స్నానం చేసొస్తా."

పెద్దల్లుడు కమ్మీ మీద చెయ్యేసి, మెట్లకిందే కూర్చుని ఆగాడు.