ఒక్క పనికి తియ్యని బండి

పొద్దున్నే టీ నీళ్ళు గొంతులో పడకముందే నరసింగరావు తన చిన్న కారు నాలుగు టైర్లనీ బొటనవేలితో నొక్కి చూసుకోవాల్సిందే. గాలి తగ్గితే బండి ఈడుస్తుంది, ఈడిస్తే పెట్రోలు తాగేస్తుందని ఆయన బెంగ. తర్వాత డిక్కీ తెరిచి, భార్య దేముడమ్మ పెట్టుకున్న గొడుగునీ, ఖాళీ గోనెసంచినీ తీసి అరుగు మీద పడేసేవాడు. బరువు దండగట.

ఇక నడపడం చూడాలి! యాక్సిలరేటర్ మీద కాలు, పడుకున్న పిల్లి తోక మీద పెట్టినంత జాగ్రత్తగా పెట్టేవాడు. బండి కదిలీ కదలగానే రెండో గేరు, ఆ వెంటనే మూడు, నాలుగు. దూరాన గేదెలు కనిపిస్తే అక్కణ్ణించే కాలు తీసేసేవాడు. బ్రేకు తొక్కడమంటే పెట్రోలు రోడ్డు మీద పారబొయ్యడమే అనేవాడు. చీపురుపల్లి రైల్వే గేటు పడిందా, ఇంజను ఆపేసేవాడు. ఏసీ మాటెత్తితే అద్దం దించుకోమనేవాడు.

పిసినారి అనుకునేరు, కాదు. ఇంటికొచ్చిన వాళ్ళకి అన్నం పెట్టకుండా పంపిన మనిషి కాదు. మైలేజీ ఒక్కటే ఆయన పిచ్చి. అన్నిటికన్నా పెద్ద నియమం, ఒక్క పనికి బండి తియ్యకూడదు. ఎరువుల కొట్టుకి వెళ్తే మందుల షాపూ, చుట్టాల పలకరింపూ అటునుంచటే అయిపోవాలి.

ఆ బండి కూడా ఆయనకి తగినదే. మానేసిన ప్రయాణానికి ఎంత పెట్రోలు అయ్యేదో అంతా ట్యాంకులోకి వచ్చి చేరేది. మీటరు ముల్లు కొంచెం పైకి లేచేది. ఊళ్ళో ఎవరికీ అదేం వింత కాదు. పక్కింటి ధనరాజు అద్దంలోంచి తొంగిచూసి, "ఏటి సిన్నాన్నా, ముల్లు పైకెల్లినాది, ఈయాల ఎక్కడికి మానేసినావు?" అని అడిగి తన దారిన పోయేవాడు.

ఎక్కడికంటే కళింగపట్నమే. దేముడమ్మ చెల్లెలు అసిరమ్మ అక్కడ ఒంటరిగా ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. కళ్ళు మసకబారుతున్నాయి. బస్సెక్కితే వాంతులు.

"మావా, దాన్ని ఒక్కపాలి శ్రీకాకుళం కళ్ళాసుపత్రికి తీసుకెల్దుమా?"

"ఎల్దుం గానీ, అటేపు మనకింకేటి పనున్నాది?"

"ఇంకేటుంటాది? అదే పని."

"ఒక్క పనికి అంత దూరం బండి తియ్యనే. రెండో పని పడనీ, సూద్దుం."

రెండో పని పడితేనా! అటు పొలం లేదు, వేరే చుట్టం లేడు. దేముడమ్మ నెలనెలా అడిగింది, ముల్లు నెలనెలా లేచింది. ఆ మహానుభావుడు దాన్ని చూసి మురిసిపోయాడు కూడా. రెండేళ్ళు అడిగీ అడిగీ మానేసి, కిందటి వానాకాలం జ్వరమొచ్చి ఆవిడ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయనకి బండి తియ్యబుద్ధి కాలేదు. నిండు ట్యాంకుతో అది షెడ్డులోనే ఉండిపోయింది.

మొన్న కార్తీకంలో తుఫాను వెలిసిన మర్నాడు పొద్దున, అసిరమ్మ పక్కింటి రాణి ఫోను చేసింది.

"పెదనాన్నా, పిన్నికి కుడికన్ను ఏనాడో పోనాది, సెప్పొద్దన్నాది. రాత్రి నుంచి ఎడంకన్ను ఒకటే పోటు, వాంతులు. కరెంటు నేక బంకులు మూసీసినారు, ఆటోల్లో సుక్క పెట్రోలు నేదు. నీ బండిలో ఉంటాదని పిన్ని సెప్పినాది."

"ఉన్నాదమ్మా," అన్నాడు. ఎందుకుందో తలుచుకుంటూనే వెళ్ళి షెడ్డు తలుపు తీశాడు.

టైర్లు నొక్కలేదు. ఎక్కుతూనే కాలు బలంగా అదిమాడు. గొయ్యి వస్తే బ్రేకు, దాటగానే మళ్ళీ తొక్కుడే. మానేసిన ప్రయాణాలన్నిటి పెట్రోలూ ఈ ఒక్కదానికే అయిపోతున్నట్టు, కళ్ళెదుటే ముల్లు దిగిపోతోంది. అది దిగుతున్నకొద్దీ దేముడమ్మ గుర్తొచ్చింది. ఉల్లిపాయలు తరుగుతూ అడిగింది. అన్నం వడ్డిస్తూ అడిగింది. చివర్లో ఆయన మొహం చూడకుండా అడిగింది. "పాపిష్టోన్ని," అని పైకే అనుకున్నాడు.

అసిరమ్మని వెనక సీట్లో పడుకోబెట్టి, కాస్త హాయిగా ఉంటుందని ఏసీ వేశాడు. ఆసుపత్రి గేటు దాటగానే ఇంజను దానంతటదే ఆగిపోయింది. ట్యాంకులో చుక్క లేదు.

డాక్టరమ్మ నీటికాసులంది, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోయే జబ్బట. "ఎడమ కన్ను దక్కింది. ఇంకొక్క పూట ఆగితే అదీ పోయేది. కుడిదానికి ఇక చెయ్యగలిగిందేం లేదు. రెండేళ్ళ ముందు తీసుకొచ్చుంటే రెండూ ఉండేవి కదండీ."

మర్నాడు పోటు తగ్గాక అసిరమ్మ ఆ ఒక్క కంటితోనే బావని పోల్చుకుంది.

"బావా, ఇంత దూరం బండి తీసినావు, నా కాడ కూకుండిపోకు. రెండో పనేటుందో అది సూసుకొని రా. నువ్వు ఒక్క పనికి తియ్యవని అక్క సెప్పేది."

"ఇంకో పని నేదే," అన్నాడు నరసింగరావు. "నీ పనొక్కటే."

ఆ ముక్క దేముడమ్మ బతికుండగా అనడానికి ఆయనకి నోరు రాలేదు. మంచం పట్టె పట్టుకుని, వార్డులో అందరూ చూస్తుండగానే వలవలా ఏడ్చాడు.